అరవై ఒకటో డాక్

భర్త దీక్షిత్ పోయిన పదకొండో నెలలో వైదేహికి మళ్ళీ ఒక రహస్య మిషన్ వచ్చింది.

కబురు ఎప్పటిలాగే ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చింది: "కరివేపాకు వచ్చింది." అంటే తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండాలి. ఆమె స్కార్‌బరోలో బస్సు దిగి, బూట్లకంటిన మంచు దులుపుకుని, పళ్ళ డాక్టరు క్లినిక్ పక్కనున్న మెట్లెక్కింది. పైన తలుపు మీద బోర్డు ఉంది: "ఉమ్మడి సరిహద్దు నిధి - ఆడిట్ సెల్".

ఆ బోర్డు పూర్తి అబద్ధం కాదు. సరిహద్దు కాపలాకీ వీసాల తనిఖీకీ రెండు దేశాలు కలిసి ఖర్చుపెట్టే ప్రజల డబ్బు సరైన చోటికి చేరుతోందో లేదో చూడటం ఆ సెల్ పని. ఆ డబ్బు వెంట దొంగలుంటారు, దొంగల వెనక విదేశీ గూఢచారులుంటారు. అందుకే ఆడిటర్ల పేరుతో అక్కడ పనిచేసే పద్నాలుగు మందికీ తుపాకీ కాల్చడం కూడా వచ్చు. నేను ఆడిటర్‌ని అంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. అంతకంటే మంచి మారువేషం లోకంలో లేదు.

కొమరయ్య గారు కిటికీ దగ్గర కూర్చుని వారానికి సరిపడా బీపీ మాత్రలు డబ్బా గళ్ళలో వేసుకుంటున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, బూడిదరంగు స్వెటర్, చెవిలో వినికిడి మిషన్. సెల్‌కి అధిపతి. వైదేహినీ దీక్షిత్‌నీ ఈ ఉద్యోగంలోకి తెచ్చిందీ, వాళ్ళ పెళ్ళికి పెద్దరికం వహించిందీ ఆయనే. ఒక్కో మాత్ర వేస్తుంటే ఆయన పెదవులు కదులుతున్నాయి.

"కూసో బిడ్డా. రైస్ మిల్లుల పుట్టినోణ్ని, లెక్క తప్పితే నిద్ర పట్టది."

బల్ల మీద ఒక పెన్నూ, ఒక పచ్చడి సీసా ఉన్నాయి.

"ఈ పెన్ను మూత తిప్పితే మైక్. నువ్వు మాట్లాడేది టీం మొత్తానికి వినిపిస్తది."

"ఆ సీసా సార్? ట్రాకరా, కెమెరానా?"

"ఆవకాయ. మీ ఆంటీ పంపింది. నువ్వు సరిగ తింటలేవని ఆమెకు ఎవరో చెప్పిన్రు."

వైదేహి నవ్వింది. నవ్వడం ఆ ముఖానికి ఈ మధ్య అలవాటు తప్పింది.

కింద డాక్టరు డ్రిల్లు మోగడం మొదలైంది. సెల్‌లో బ్రీఫింగ్‌లు ఆ చప్పుడులోనే జరుగుతాయి. ఎవరు మైక్ పెట్టినా పన్ను రంధ్రం తప్ప మరేమీ వినపడదు.

"ప్రాజెక్ట్ లాంటర్న్ గుర్తుందా?"

"రెండు దేశాలకీ కలిపి ఒకే వీసా రికార్డు."

"దాన్ల సీలేసిన ఫోల్డర్ ఒకటున్నది. రెండు వందల పన్నెండు పేర్లు. నీ పిల్లలు."

నీ పిల్లలు అనడంలో అతిశయోక్తి లేదు. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా దొంగ అడ్మిషన్ లెటర్లతో ఆ విద్యార్థుల్ని కెనడాకి తెచ్చి, వాళ్ళ వీసాల చాటున తన మనుషుల్ని సరిహద్దు దాటించింది. ముఠా మీద సాక్ష్యం చెప్పడానికి పిల్లలు భయపడ్డారు. వైదేహి ఒక్కొక్కరితో గంటలు గంటలు కూర్చుంది. "నీ పేరు బయటికి రాదు. నాది పూచీ," అని అందరికీ ఒకే మాట చెప్పింది. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ గదిలో ఉండే భవిత అయితే, "ఆంటీ, నాకేమన్నా అయినా పర్లేదు, ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటది," అని రెండుసార్లు అడిగి మరీ సంతకం పెట్టింది. ఇప్పుడు ఆ ఫోల్డర్‌లో పిల్లల కొత్త అడ్రసులతో పాటు తల్లిదండ్రుల అడ్రసులు కూడా ఉన్నాయి.

"నెట్‌వర్క్ మీద నమ్మకం లేక డ్రైవ్‌లను స్టీలు పెట్టెల పెట్టి ట్రక్కుల పంపుతున్నరు," అన్నాడు కొమరయ్య గారు. "రేపు సాయంత్రం నాలుగింటికి బ్రాంప్టన్ గోదాంల ట్రక్కు మారుతది. మనవాళ్ళ ట్రక్కుకు బదులు ఆర్కిడోళ్ళ ట్రక్కు నిలబడితదని సమాచారం. ఆ గోదాంకు నూట అరవై డాకులు, ట్రక్కులు ఆగి సరుకెక్కించుకునే తలుపులు. ఏ డాకో ఇగో, ఇందుల ఉన్నది."

కాగితం మీద మూడు ముక్కలున్నాయి. ప్రొఫిట్. ఫోర్. సిక్స్ అండ్ వన్.

"ఆర్కిడోళ్ళ డ్రైవర్‌కు తెలుగుల వచ్చిన కాల్, మనం చాటుగ పట్టినం. గొంతు మిషిన్‌తోటి మార్చిన్రు. వర్షిణి ఇంగ్లీషుల రాసింది. ప్రొఫిట్ అంటే సరుకు. ఫోర్ అంటే టైము. ఆరు, ఒకటి అంటే అరవై ఒకటో డాక్. మనమందరం ఆడ్నే ఉంటం."

"మరి నా పని?"

"పగడాన్ని కలువు." ఆయన మాత్రల డబ్బా మూత నొక్కాడు. "ఆ పిల్ల రెండు దిక్కుల జీతం తీసుకుంటది. ఎవరికి నిజం చెప్తదో దేవునికెరుక. ఏం చెప్పినా నాకే చెప్పు. ఇంకొకరికి వద్దు."

లేచి వెళ్తుంటే వెనక నుంచి అన్నాడు: "వచ్చే మార్చితోటి సెల్‌కు పైసలు బంద్ బిడ్డా. రెండేండ్ల కిందనే తేల్చిన్రు, నీకు చెప్పలే. నిధి మొత్తం లాంటర్న్‌కే. మనకు సున్న. ఇది మన ఆఖరి పని, మంచిగ చెయ్యాలె."

*

పగడం అసలు పేరు తనుజా. ఫిజీ చెరుకుతోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనవరాలు, బ్రిటిష్ కొలంబియాలో పుట్టింది. బయటికి వీసా కన్సల్టెంట్. ఆర్కిడ్‌కి ఆమె తమ మనిషి. సెల్‌కీ ఆమె తమ మనిషే. ఎవరి నమ్మకం తప్పో ఎవరికీ తెలీదు.

స్కార్‌బరోలో ఒక ఇండియన్ గ్రోసరీ కొట్టులో, కూరగాయల దగ్గర, ఎర్ర కోటు వేసుకుని నిలబడి ఉందామె. బయట మోకాలెత్తు మంచు. ఆమె కాళ్ళకి మాత్రం పొడుగు మడమల చెప్పులు.

"ఇక్కడ కరివేపాకు ఫ్రెష్‌గా ఉంటుందా?" అంది వైదేహి.

"గురువారం వస్తే ఉంటుంది." సంకేతం సరిపోయింది. తనుజా బెండకాయ ఒకటి విరిచి చూసింది. "నా తెలుగు మా అవ్వది. పాతది. తప్పుంటే నవ్వకు."

"నవ్వడానికి రాలేదు. డాక్ నంబర్ తెలుసా?"

"డ్రైవర్‌కి మాత్రమే చెప్తారు. నేను అతని పక్క సీట్‌లో ఉంటాను, దట్స్ ఆల్. కానీ విను. దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు."

"పేరు?"

"పేరు తెలీదు. లాస్ట్ ఇయర్ నీ మొగుడు కనిపెట్టినాడు. నాతో అన్నాడు, ఒక డౌట్ ఉంది, ముందు మా సార్‌తో మాట్లాడతాను అని. ఆ నైట్ హైవే మీద కారు స్లిప్ అయింది." తనుజా గొంతు తగ్గించింది. "నీకు ఫోన్ చెయ్యలేదు. నాకు చెయ్యలేదు. సార్‌కి చేసినాడు."

వైదేహి చేతిలోని కరివేపాకు కట్ట నలిగింది. వాసన గుప్పుమంది.

"కొమరయ్య గారు నాకు తండ్రి లాంటివారు."

"అవును కదా? అందుకే ఎవరూ అడగరు."

"నువ్వు రెండు చోట్లా జీతం తీసుకుంటావు. నీ మాట నేనెందుకు నమ్మాలి?"

"నమ్మకు." తనుజా బెండకాయల సంచి ముడివేసింది. "రేపు ట్రక్కులో ఎర్ర కోటు కనపడితే మాత్రం, ఒకసారి ఆలోచించి కాల్చు."

వైదేహి బయటికొచ్చి బస్టాపులో పది నిమిషాలు నిలబడింది. తరువాత, చెప్పమన్నట్టే, విన్నదంతా కొమరయ్య గారికి ఫోన్‌లో చెప్పింది.

"దీక్షిత్ పేరు తీసి నిన్ను కలత పెట్టాలని చూస్తున్నది," అన్నాడు ఆయన. "ఇప్పటిదాంక అనుమానమే ఉండె. ఇప్పుడు ఖాయమైంది. రేపు ఆడ కనపడితే ఆపుతం. ఆగకుంటే కాలుస్తం. నువ్వు అన్నం తిని పండుకో."

ఆమె అన్నం తినలేదు. ఆవకాయ సీసా మూత తియ్యలేదు.

*

మర్నాడు మూడున్నరకి అరవై ఒకటో డాక్ చుట్టూ పన్నెండు మంది ఏజెంట్లు గోదాం కూలీల వేషంలో ఉన్నారు. పసుపుపచ్చ జాకెట్లు, ఇనుప ముక్కు బూట్లు. కొమరయ్య గారు తలుపు పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. వైదేహి మారువేషం వేసుకోలేదు. క్లిప్‌బోర్డు పట్టుకుంది, అంతే. బయట ఆపిన వ్యాన్‌లో హెడ్‌ఫోన్లతో కూర్చున్న వర్షిణి పక్కకి వెళ్ళి కూర్చుంది.

వర్షిణికి ఇరవై రెండేళ్ళు. కెనడాలోనే పుట్టింది. శనివారాల్లో గుడి హాల్లో వైదేహి చెప్పే తెలుగు క్లాసులో పదేళ్ళు చదివింది. సెల్ చాటుగా వినే కాల్స్ అన్నీ మొదట ఆ పిల్ల చెవిలోనే పడతాయి.

"ఆంటీ, కెన్ ఐ ఆస్క్ సంథింగ్ స్టుపిడ్?"

"అడుగు."

"సిక్స్టీ వన్ అంటే అరవై ఒకటి కదా? మీరే నేర్పారు."

"అవును."

"మరి కాల్‌లో ఆయన అలా అనలేదు. ఆరున్నొకటి అన్నాడు. హూ సేస్ దట్? నేను లిటరల్‌గా సిక్స్ అండ్ వన్ అని రాశా. సార్ ఓకే అన్నారు."

వైదేహి క్లిప్‌బోర్డు కింద పెట్టింది.

"ముందు మాట? ప్రొఫిట్?"

"లాభం అన్నాడు. జస్ట్ లాభం. లాభం, నాలుగు, ఆరున్నొకటి. లైక్ ఎ పోయెమ్."

"వినిపించు."

హెడ్‌ఫోన్లలో గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. ఆడో మగో తెలీదు. ముసలో పడుచో తెలీదు. మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. లాభం. నాలుగు. ఆరున్నొకటి.

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడో కుంచం దగ్గర ఏడు అనే మాట నోట రానివ్వరు. అది ఏడుపు మాట. ఆరున్నొకటి అని దాటిపోతారు. బడిలో ఎవరూ నేర్పరు. కాటాలు వచ్చాక కొలిచే చేతులే లేవు, ఆ మాటలెక్కడుంటాయి? ఈ దేశంలో అలా లెక్కపెట్టే మనిషి వైదేహికి ఒక్కడే తెలుసు.

దీక్షిత్ పదకొండో రోజు భోజనాలకి గుడి వంటింట్లో బియ్యం కొలిచింది ఆయనే. స్టీలు గ్లాసుతో కొలుస్తూ, లాభం, రెండు, మూడు, అంటూ వచ్చి, ఆరు తరువాత ఒక్క క్షణం ఆగి, ఆరున్నొకటి అన్నాడు. ఆమె గడప దగ్గర నిలబడి వింది. ఎందుకు సార్ అలా అని అడిగింది. "ఆ మాట ఇయ్యాల నీ ముందర నా నోట రావద్దు బిడ్డా," అన్నాడు. ఆ పదకొండు రోజుల్లో ఎవరెవరో ఎన్నో ఓదార్పు మాటలు చెప్పారు. ఆమెకి మిగిలింది ఆ ఒక్క మాటే. అప్పట్నుంచి ఆమె కూడా ఏడు దగ్గర అలాగే ఆగి, ఆరున్నొకటి అనుకుంటోంది.

గొంతు మార్చడానికి మిషన్ ఉంది. లెక్కపెట్టే తీరు మార్చడానికి లేదు.

"ఒకటి, నాలుగు, ఏడు," అంది వైదేహి. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. "నూట నలభై ఏడో డాక్."

"వాట్? దెన్ సార్ ఎందుకు..." వర్షిణి మాట మధ్యలో ఆగింది. "ఓ నో. ఆంటీ."

"రేడియోలో ఒక్క మాట మాట్లాడకు. నీ ఫోన్ నుంచి పోలీసులకి చెయ్యి. నూట నలభై ఏడు అని చెప్పు. ఎర్ర కోటు అమ్మాయిని కాల్చొద్దని రెండుసార్లు చెప్పు."

టైము మూడు యాభై మూడు.

*

గోదాం లోపల ఆ చివర్నుంచి ఈ చివరికి అర కిలోమీటరు. వైదేహి పరుగెత్తలేదు. ఆడిటర్ పరుగెత్తితే అందరూ చూస్తారు. గబగబా నడిచింది. నడుస్తూ పెన్ను మూత తిప్పి జాకెట్ జేబుకి తగిలించుకుంది.

నూట నలభై ఏడో తలుపు దగ్గర ఇద్దరు కూలీలు స్టీలు పెట్టెని తోపుడు బండి మీంచి ట్రక్కులోకి ఎక్కిస్తున్నారు. వాళ్ళు ముఠావాళ్ళు కారు, నిజం కూలీలు. గోడకి అంటించిన కాగితం ప్రకారం పనిచేస్తున్నారు. ఆమె ఆ కాగితం చదివింది. "రిలే ట్రక్కు 61 నుంచి 147కి మార్చడమైనది." కింద సంతకం: కె. కొమరయ్య. ఇరవై ఏళ్ళుగా ఆమె సెలవు చీటీల మీద చూసిన సంతకమే.

"ఆపండి. ఆడిట్," అంది.

"మేడమ్, లోడ్ అయిపోయింది," అన్నాడు ఒక కూలీ. అతను చూపించిన చోట ట్రక్కు తలుపు మూసుకుంది. ఇంజిన్ గుర్రుమంది.

గోడమీద డాక్ లాక్ మీట ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, రెండే దీపాలు. ఎరుపు నొక్కితే కింద నుంచి ఇనుప కొక్కెం లేచి ట్రక్కు వెనక కడ్డీని పట్టుకుంటుంది. ఇక ఎంత ఇంజిన్ ఉన్నా కదలదు. గోదాంలో పిల్లలు పార్ట్ టైమ్ చేరిన మొదటి రోజే ఇది నేర్పుతారు. వైదేహికి భవిత చెప్పింది.

ఆమె అరచేత్తో ఎరుపు నొక్కింది.

ట్రక్కు ముందుకి ఒక జానెడు ఉరికి, టక్కుమని ఆగిపోయింది. డ్రైవర్ మళ్ళీ లాగాడు. గోడ అదిరింది. ముందు క్యాబిన్‌లోంచి పెద్ద కేక వినపడింది, మగ గొంతు. తరువాత కిటికీలోంచి తాళంచెవి ఎగిరొచ్చి మంచులో పడింది. దాని వెనకే ఎర్ర కోటు చెయ్యి ఒకటి బయటికొచ్చి, పొడుగు మడమ చెప్పును కత్తిలా పట్టుకుని ఊపింది. మంచులో ఆ చెప్పులెందుకో వైదేహికి అప్పుడర్థమైంది.

"ఆ మీట మీద నుంచి చెయ్యి తియ్యి బిడ్డా."

ఆమె ఇటు నడవడం చూసి వెంటపడ్డ కొమరయ్య గారు బ్యాటరీ బండి దిగి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. స్వెటర్ జేబులో చెయ్యి ఉంది. జేబు ముందుకి మొన తేలి ఉంది.

"ఒక్కసారి పది దాకా లెక్కపెట్టండి సార్," అంది వైదేహి. "తీస్తాను."

ఆయన పెదవులు కదలబోయి ఆగాయి. ముఖం మీద మొదట ఆశ్చర్యం, తరువాత అలసట కనపడ్డాయి.

"నోటికి రాలేదు," అన్నాడు. "డ్రైవర్‌కు నంబర్ చెప్తుంటే ఆ మాట నోటికి రాలేదు. వాడూ మిల్లుల పనిచేసినోడే, అర్థం చేసుకున్నడు. అరవై ఏండ్ల అలవాటు. వర్షిణి రాసింది చూసినంక, ఇదే మేలని దాన్నే పట్టుకున్న."

"ఎందుకు సార్?"

"ముప్పై ఏండ్లు ఈ సరిహద్దు కాసిన. ఆఖరికి ఒక కంప్యూటర్ కొని, నీతోటి పని లేదు పో అన్నరు. నిధిల నాకు ఒక్క పైస లేదు. నన్ను వాళ్ళే ముందు మోసం చేసిన్రు."

"వాళ్ళు చేస్తే వాళ్ళతో తేల్చుకోవాలి. ఆ పిల్లలేం చేశారు? భవిత వాళ్ళమ్మ ఏం చేసింది?" ఆమె ఒక్కో మాటా ఏరి పెడుతున్నట్టు మాట్లాడింది. "దీక్షిత్ ఆ రాత్రి మీకు ఫోన్ చేశాడు. అవునా?"

ఆయన నేలవైపు చూశాడు.

"భయపెట్టమన్న. అంతే అన్న. దారి మీద మంచు ఉంటదని..."

"మీరు వచ్చి బియ్యం కొలిచారు సార్."



"చెయ్యి తియ్యి వైదేహీ. నిన్ను కాల్చుడు నాకు ఇష్టం లేదు."

"మీ వినికిడి మిషన్ కొంచెం తగ్గినట్టుంది. మీ మాటలు రెండోసారి వినపడటం లేదా?"

ఆయన తలెత్తాడు. దూరంగా వరుసగా నిలబడ్డ పసుపు జాకెట్ల నడుముల దగ్గర పన్నెండు రేడియోల్లోంచి ఆయన గొంతే, ఒక క్షణం ఆలస్యంగా, "ఇష్టం లేదు" అని వినపడింది. ఆయన కళ్ళు ఆమె జేబుకున్న పెన్ను మీద పడ్డాయి. తను ఇచ్చిన పెన్నే.

జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

గోడ గడియారం నాలుగు కొట్టింది. తలుపు బయట పోలీసు సైరన్లు ఆగాయి. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

తీసుకెళ్తుంటే ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగాడు. "ఆవకాయ మాత్రం మీ ఆంటీ నిజంగనే పంపింది," అన్నాడు.



*

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో తనుజా కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చోబోయి, మాత్రల డబ్బా చూసి, పక్క కుర్చీలో కూర్చుంది.

"నిన్ను నమ్మలేదు. నువ్వు చెప్పింది ఆయనకే చెప్పాను," అంది వైదేహి. "నిన్ను చంపించేదాన్ని."

"తెలుసు. నేనైనా అదే చేస్తాను. తండ్రి లాంటివాడు కదా." తనుజా తెగిన మడమని జిగురుతో అతికించుకుంటోంది. "సారీ చెప్పకు. కొత్త చెప్పులు కొనివ్వు. మీ నిధిలో ఇస్తారా?"

"రసీదు ఉంటే."

ఫోన్ మోగింది. భవిత. "ఆంటీ, న్యూస్‌లో ఏదో గోదాం అంటున్నరు. మా అమ్మకేం కాదు కదా?"

"ఏం కాదు. క్లాసుకెళ్ళు."

వర్షిణి కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పింది. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. "ఆంటీ, ఫారమ్‌లో ఒక కొశ్చెన్ ఉంది. ద్రోహిని ఎలా గుర్తించారు? ఆప్షన్స్ వేలిముద్ర, గొంతు, బ్యాంకు, ఇతరం."

"ఇతరం అని పెట్టు."

"వివరాలు?"

"ఎక్కాల్లో లేనిది అని రాయి."

"అండ్ కమిటీకి సెవెన్ కాపీస్ కావాలట."

ప్రింటర్ ఒక్కో రిపోర్టునీ కక్కుతుంటే వైదేహి బల్ల మీద పేర్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. అలవాటుగా నాలుక ఆగింది. ఆమె ఆ కాగితాన్ని కాసేపు చేతిలో పట్టుకుంది. తరువాత దాన్ని కూడా కట్ట మీద పెట్టి, పైకి, స్పష్టంగా, పలక మీద రాసినట్టు అంది:

"ఏడు."

పదకొండు నెలలుగా, ఒక్కసారి మనసారా ఏడు అని, అందరూ ఆమెని అడుగుతున్నది ఆ మాటే. కానీ నిధి నిబంధనల ప్రకారం రిపోర్టు ఐదింటికల్లా చేరాలి. ఆమె స్టేప్లర్ అందుకుంది.